తెంపని పూల పండుగ

మా వదిన పూలు పండించేది. శంషాబాద్ నుంచి మామిడిపల్లి వైపు వెళ్ళే దారిలో మా అత్తగారి ఊరు. ఎయిర్‌పోర్టు వచ్చినప్పుడు చాలామందివి పోయినట్టే వాళ్ళ పొలమూ పోయి, ఇంటి వెనక అరెకరం మిగిలింది. ఆ అరెకరంలోనే చలికాలం చామంతి, ఎండాకాలం బంతి, నీళ్ళు బాగా ఉన్న ఏడు ఒక మడి కనకాంబరం వేసేది.

ఆవిడ మా ఆయనకి అక్క. ఆయనకంటే పన్నెండేళ్ళు పెద్ద. పెళ్ళయిన నాలుగేళ్ళకే భర్త పోతే, పిల్లలు లేని మనిషి పుట్టింటికి వచ్చేసింది. తండ్రి అప్పటికే లేడు. మరుసటేడు తల్లి కూడా పోయింది. మా ఆయన అప్పుడు ఆరో తరగతి. ఆ రోజు నుంచి పూలబుట్టలు ఆటోలో వేసుకుని గుడిమల్కాపూర్ పూల మార్కెట్టుకి తిరిగి, తమ్ముణ్ణి డిగ్రీ దాకా చదివించింది. ఆయనకి ఎయిర్‌పోర్టు కార్గోలో ఉద్యోగం వచ్చిన రోజు ఊరంతా మిఠాయి పంచిందట.

మాది తెనాలి వైపు. మా నాన్న ఉద్యోగరీత్యా అత్తాపూర్‌లో స్థిరపడ్డారు. మా ఇద్దరిదీ ఇష్టపడి చేసుకున్న పెళ్ళి. కొత్తలో వదినతో మాట్లాడాలంటే నాకు బెరుకుగా ఉండేది. ప్రతిదానికీ "మీరు", "అండి" అంటుంటే ఒకరోజు చేటలో బియ్యం చెరుగుతూ నవ్వింది.

"గంత మర్యాద ఎందుకు పిల్లా? నేనేమన్న తాసిల్దార్‌నా? వదినా అను, నువ్వు అను. గంతే."

అలాగే అన్నాను. మా అమ్మాయి పుట్టాక మా అమ్మకి ఒంట్లో బాగోకపోతే, నాకు మూడు నెలలు నూనె రాసి స్నానం చేయించింది వదినే. మా అమ్మాయి ఆవిణ్ణి అత్తమ్మా అని పిలిచేది. మేం ముగ్గురం శంషాబాద్‌లో ఉండేవాళ్ళం. ఆవిడ ఊళ్ళోనే, చేను వదిలి రానని, ఒక్కతే ఉండేది. పది నిమిషాల దూరం. రోజూ ఎవరో ఒకరం వెళ్ళి వచ్చేవాళ్ళం.

యాభై ఆరో ఏట ఆవిడ కాళ్ళు వాచాయి. పొద్దంతా తడి మట్టిలో నిలబడితే వాయవా అంది. మేమూ అదే అనుకున్నాం. బీపీ ఎన్నాళ్ళుగా ఉందో ఎవరికీ తెలియదు. ఎప్పుడూ చూపించుకోలేదు. ఒకరోజు మెట్లెక్కలేక ఆయాసపడుతుంటే దవాఖానకి తీసుకెళ్ళాం. అప్పటికే రెండు కిడ్నీలూ పనిచేయడం మానేశాయని డాక్టరు చెప్పాడు.

అత్తాపూర్‌లో ఒక డయాలసిస్ సెంటర్లో సోమ, బుధ, శుక్రవారాలు కుదిరాయి. నా ఉద్యోగం రాజేంద్రనగర్‌లో ఒక కాలేజీ ఆఫీసులో. పొద్దున ఆవిణ్ణి సెంటర్లో దింపి నేను ఆఫీసుకి వెళ్ళేదాన్ని. నాలుగు గంటలు మిషను మీద ఉండాలి. మధ్యాహ్నం డ్యూటీ లేని రోజు మా ఆయన, ఉన్న రోజు నేను వెళ్ళి తెచ్చుకునేవాళ్ళం. ఆవిడ మా ఇంటికి మారింది. ఎడమ చేతికి చిన్న ఆపరేషన్ చేసి సూదులు గుచ్చడానికి రక్తనాళం సిద్ధం చేశారు. ఆ చేత్తో ఇక బరువెత్తకూడదు. చేను పక్కింటివాళ్ళకి అప్పగించింది కానీ, డయాలసిస్ లేని రోజు అక్కడికి తీసుకెళ్ళమని పోరేది.

ఆ మొదటి వానాకాలంలోనే మా ఆయన కిడ్నీ ఇస్తానన్నారు.

ఆ మాట నాకు చెప్పేసరికే పరీక్షలు చేయించుకుని వచ్చారు. రక్తం కలిసింది. అన్నీ కలిశాయి. బీపీకి ఒక మాత్ర వేసుకుంటున్నా, అదుపులో ఉంది కాబట్టి పరవాలేదన్నారట. "నువ్వు వచ్చి సంతకం పెట్టాలె. భార్య ఒప్పుకోవాలంట," అన్నారు వంటింటి గుమ్మంలో నిలబడి.

నేను కూర కలుపుతున్నాను. స్టవ్ ఆపేశాను.

"మీ నాన్నగారు నలభై ఏడుకే గుండె ఆగి పోయారు. మీకు ఇప్పుడు నలభై నాలుగు. రేపు మీకేమైనా అయితే?" అన్నాను.

"అక్క లేకపోతె నేనెక్కడున్న?"

"నాకు తెలుసు. కానీ పిల్ల ఇంకా ఇంటర్‌లో ఉంది."

"రెండ్రోజులు ఆలోచించు," అన్నారు.

రెండు రోజులు ఆలోచించాను. నా ఒంటికి నూనె రాసిన చేతులు గుర్తొచ్చాయి. ఆ చేతులే గుర్తొస్తున్నా, మూడో రోజు పొద్దున వద్దనే చెప్పాను. ఆయన కాసేపు నా మొహంలోకి చూసి, చెప్పులేసుకుని డ్యూటీకి వెళ్ళిపోయారు. అరవలేదు. బతిమాలలేదు.

ఆ సాయంత్రం అక్క పక్కన మంచం మీద కూర్చుని చెప్పారు. "అక్కా, నాకు బీపీ ఉందంట. పనికిరాదన్నరు."

నేను ఆ గదిలోనే బట్టలు మడత పెడుతున్నాను. వదిన నావైపు చూడలేదు. "మంచిగయింది పో. నిన్ను కోయిచ్చి నేను బతకాల్నా?" అంది. నా తప్పుని ఆయన తన ఒంటి మీద వేసుకున్నారు. నేను ఆ చీర మడత విప్పి మళ్ళీ మడిచాను.

శుక్రవారాలు ఆఫీసులో త్వరగా పని ముగించి, ఆఖరి గంట వదిన దగ్గర కూర్చునేదాన్ని. ఆవిడకి మిషను మీద కాలం గడవదు. కుడి చేత్తో ఫోన్ పట్టుకుని వీడియోలు చూసేది. పూల వీడియోలే. ఎక్కడెక్కడో పూలు ఎలా పండిస్తున్నారో చూసి, వాళ్ళని మెచ్చుకుంటూనో తిడుతూనో ఉండేది. ఒక శుక్రవారం నేను వెళ్ళేసరికి కళ్ళు పెద్దవి చేసుకుని చూస్తోంది.

"ఇటు సూడు పిల్లా. గిది యాడ?"

కాశ్మీరు. శ్రీనగర్‌లో కొండ కింద తులిప్ తోట. ఎరుపు, పసుపు, తెలుపు, చాళ్ళు చాళ్ళుగా. వసంతంలో అక్కడ పూల పండుగ చేస్తారని చెప్పాను.

"పూల పండుగనా? బతుకమ్మ ఆడతరా ఆడ?"

"బతుకమ్మ కాదు వదినా. తోట తెరుస్తారు. జనం వచ్చి చూసి పోతారు."

"సూసి?"

"ఫోటోలు దిగుతారు. అంతే."

"తెంపరా?"

"ఒక్కటి కూడా తెంపనివ్వరు."

వీడియో మళ్ళీ మొదటి నుంచి పెట్టింది. "మార్కెట్టుకు పోవు?"

"పోవు."

"దేవునికి?"

"దేవుడిక్కూడా కాదు."

ఫోన్ ఒళ్ళో బోర్లా పెట్టింది. తర్వాత మెల్లగా అంది. "ముప్పై ఏండ్లు పూలు తెంపిన. మొగ్గ ఇచ్చుకుంటదో లేదో తెంపుడే. చేను నిండ పూలు ఒక్కపూట నిలవడనియ్యలే. తెంపకుంట ఇడిస్తె ఎట్లుంటదో ఒక్కసారి సూడాల్నుంది."

నాకు ఊపిరి అందినట్టయింది. ఆవిడ నన్ను ఏదీ అడగని మనిషి. ఇదైతే నేను ఇవ్వగలను అనుకున్నాను. ఆ సాయంత్రం భోజనాల దగ్గర, వచ్చే వసంతంలో నలుగురం శ్రీనగర్ వెళ్తున్నామని చెప్పేశాను. మా అమ్మాయి ఎగిరి గంతేసింది. మా ఆయన కంచంలోంచి తలెత్తి నావైపు చూశారు. ఆ చూపు నాకు అర్థమైంది. కిడ్నీ బదులు కాశ్మీరా అని అడుగుతున్నట్టే ఉంది. కానీ ఆయన పైకి అన్నది, "సెలవు పెడ్త," అని మాత్రమే.

డయాలసిస్ మనిషిని అంత దూరం తీసుకెళ్ళడం ఎలాగో నాకు తెలియదు. ఒక్కొక్కటే తెలుసుకున్నాను. ఆ పూలు ఉండేవి మూడు నాలుగు వారాలు. ఎప్పుడు పూస్తాయో ఆ ఏటి చలిని బట్టి ఉంటుంది. మా అమ్మాయి పరీక్షలు అయ్యేది మార్చిలో. కాబట్టి ఏప్రిల్ మొదటి వారం. శుక్రవారం డయాలసిస్ చేయించుకుని, శనివారం పొద్దున విమానం ఎక్కి, ఢిల్లీలో మారి, సాయంత్రానికి శ్రీనగర్. ఆదివారం తోట. సోమవారం పొద్దున బయల్దేరి సాయంత్రానికి ఇంటికి. సెంటర్లో సోమవారం పొద్దుటి వంతు సాయంత్రానికి మార్పించాను. డాక్టరు మొదట తల అడ్డంగా ఊపాడు. వదిన ఆయన బల్ల మీద చేయి పెట్టి, "సారూ, జర సూసి రానియ్యి. మల్ల నువ్వేం జెప్తె గదే ఇంట," అంటే నవ్వి, నీళ్ళు రోజుకి లీటరు దాటకూడదని, వారం ముందు పరీక్షలు చేయించాలని, అక్కడ ఒక ఆసుపత్రి చూసి పెట్టుకోవాలని చెప్పాడు.

శ్రీనగర్‌లో ఒక ఆసుపత్రికి ఫోన్ చేశాను. నా హిందీ అంతంత మాత్రం. అవతలి మనిషికి నేను చెప్పేది ఎక్కడం లేదు. వదిన ఫోన్ లాక్కుంది. మార్కెట్లో ముప్పై ఏళ్ళు మాట్లాడిన ఉర్దూ ఆవిడది. తన జబ్బు సంగతి రెండు ముక్కల్లో తేల్చేసి, అసలు సంగతిలోకి దిగింది. "భయ్యా, ఫూలాఁ ఖిలే క్యా?" పూలు పూశాయా అని. అవి డిసెంబరు రోజులు. అతను నవ్వి, ఇంకా మంచు కూడా సరిగా పడలేదమ్మా, మీరు వచ్చేసరికి పూస్తాయి, రండి అన్నాడట. ఫోన్ పెట్టేసి, "మంచోడు," అంది.

ఆ నెలల్లో మా ఇంట్లో వేరే మాట లేదు. అత్తాపూర్ రోడ్డు పక్కన చలికాలం ఉన్ని బట్టలు అమ్మేవాళ్ళ దగ్గర వదినకి ముదురాకుపచ్చ స్వెట్టరు కొన్నాం. ఆవిడ జీవితంలో మొదటి స్వెట్టరు. ఇంట్లో ఫ్యాను కింద కూర్చుని అది వేసుకుని చూసుకునేది. కాళ్ళు వాస్తాయి కాబట్టి రెండు సైజులు పెద్ద బూట్లు కొంది మా అమ్మాయి. రోజూ సాయంత్రం ఆ బూట్లు వేసి అత్తమ్మని హాల్లో ఇటునుంచి అటు నడిపించేది. "గుర్రం లెక్క సప్పుడైతున్నదే," అని ఆవిడ నవ్వేది. ఇక ప్రశ్నలు. ఆ మొక్క నారు పోస్తారా, గింజ వేస్తారా? ఉల్లిగడ్డలాంటి గడ్డ పాతుతారని చెబితే, ఎంత లోతు, ఎన్ని తడులు, పూత అయిపోయాక గడ్డ మట్టిలోనే ఉంటుందా, తవ్వి తీస్తారా? వాసన ఉంటుందా? నాకు తెలియనివన్నీ మా అమ్మాయి నోటు పుస్తకంలో రాసుకుంది, అక్కడి తోటమాలిని అడగడానికి.

సంక్రాంతి దాటాక ఒక ఆదివారం వదినని చేనుకి తీసుకెళ్ళాను. చామంతి ఆఖరి కోత. పక్కింటివాళ్ళు కోస్తున్నారు. ఆవిడ గట్టు మీద కూర్చుంది, నేను పక్కన కూర్చున్నాను. నెత్తి మీంచి విమానాలు దిగుతున్నాయి. ఆ చప్పుడు ఆగేదాకా ఆగి, మళ్ళీ మాట్లాడుకోవడం ఆ ఊరివాళ్ళకి అలవాటు.

ఒక విమానం దిగిపోయాక, వదిన చేనువైపు చూస్తూనే అంది.

"పిల్లా, వాని కిడ్నీ నాకు కలిసింది. నాకెరుకే."

నేను తల తిప్పి ఆవిడ వైపు చూశాను.

"సెంటర్ల సిస్టర్‌ని అడిగిన. అన్ని కలిసినయి అమ్మా, ఇంట్ల ఒప్పుకోలేదంట అన్నది. దసర ముందటి మాట."

"వదినా..."

"ఆగు. నన్ను జెప్పనియ్యి. కోపమొచ్చింది. మస్తు కోపమొచ్చింది. నెల రోజులు నువ్వు వెట్టిన బువ్వ సయించలే. నీకు జెప్పలే గని, నా తమ్ముడు, వాన్ని నేను సాదిన, మద్యల ఈమెవ్వతి అనుకున్న."

నేను ఏడుస్తున్నాను. ఆవిడ ఆపమనలేదు, ఓదార్చలేదు. ఇంకో విమానం వచ్చి దిగింది. ఆ చప్పుడు పోయాక మళ్ళీ మొదలుపెట్టింది.

"ఇగ పోయింది కోపం. నేను వాన్ని కొయ్యనియ్యకపోదును. నువ్వు సంతకం వెట్టినా నేను మంచమెక్కకపోదును. గది గూడ నిజమే. కని గది నేను అనాలె. నువ్వు అంటె నొప్పయింది."

"క్షమించు వదినా. నాకు భయమేసింది."

"ఎరుకే." చీర కొంగుతో మట్టి చేతులు తుడుచుకుంది. "ఇగ ఒక్క మాట అడుగుత, నిజం జెప్పు. గా పూల కాడికి నన్ను తోల్కపోతనంటున్నవు. కిడ్నీ ఇయ్యలే గదా అని తోల్కపోతున్నవా? గట్లయితె నేను రాను. నీకు గూడ సూడాల్ననుంటెనే వస్త."

మొదలుపెట్టింది అందుకే. ఆవిడ సరిగ్గానే పట్టుకుంది. కానీ మూడు నెలలుగా ఆ చలి, ఆ తారీఖులు, ఆ గడ్డలు, ఆ బూట్లు, వాటితోనే నిద్రలేచి వాటితోనే పడుకుంటున్నాను. ఆవిడ ఆ చాళ్ళ మధ్య నిలబడి ఏమంటుందో వినాలని ఉంది నాకు. అదే చెప్పాను. "మొదట అందుకే వదినా. ఇప్పుడు అందుకు కాదు. నీతో కలిసి చూడాలని ఉంది నాకు."

"సరె అయితె," అంది. తర్వాత గట్టు దిగడానికి చేయి ఇమ్మని అడిగింది. బరువంతా నా మీద వేసి దిగింది.

ఆ మాటలు మా ఆయనకి చెప్పలేదు. వదిన కూడా చెప్పలేదనుకుంటాను. కానీ ఆ తర్వాత నాకూ వదినకీ మధ్య ఏదో తేలికైంది. మిషను మీద ఉన్నప్పుడు నా చేయి పట్టుకోవడం మొదలుపెట్టింది. అంతకుముందు ఎప్పుడూ పట్టుకోలేదు.

మార్చి మూడో వారంలో మా అమ్మాయి పరీక్షలు అయిపోయాయి. టికెట్లు అప్పటికే తీసుకున్నాం. వదినకి వీల్‌చైరు కావాలని రాయించాం. ఆ ఆదివారం సాయంత్రం మా ఆయన, "అక్కకు ఒకసారి ఎయిర్‌పోర్టు చూపించుకొస్తం. ఆ రోజు పరేషాన్ కావొద్దు," అన్నారు. ఇన్నేళ్ళు విమానాల కింద బతికిన మనిషి ఒక్కసారి కూడా లోపలికి వెళ్ళి చూడలేదు. లోపలికి టికెట్ లేకుండా వెళ్ళనివ్వరు. బయటి నుంచే చూపించాం. ఇక్కడ దిగుతాం, ఇక్కడ కార్డు చూపిస్తాం, ఇక్కడ కుర్చీ తెస్తారు అని మా ఆయన ఒక్కొక్కటే చెబుతుంటే, బూట్లు, స్వెట్టరు వేసుకుని, ఉక్కపోస్తున్నా విప్పకుండా వింది.

కారు పార్కింగ్ దగ్గర ఆగి చుట్టూ చూసింది. "గీడనే ఉండాలె మా చిన్నాయిన జొన్నచేను. గా మూలకు మోటబాయి. మన నాయిన గీడ ఈత నేర్సిండు," అంది తమ్ముడితో. నేను ఆ సిమెంటు నేల వైపు చూశాను. ఏ మూలో నాకు తెలియలేదు. ఆవిడకి మాత్రం అనుమానం లేదు.

తిరిగి వస్తుంటే ఆయాసం వచ్చింది. ఖాళీగా ఉన్న సామాన్ల ట్రాలీ మీద కూర్చోబెట్టి మా అమ్మాయి తోస్తుంటే, చుట్టుపక్కలవాళ్ళు చూస్తున్నారని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నేను ఫోటో తీశాను.

ఇంటికొచ్చాక అన్నం వద్దని పడుకుంది. అలసట అనుకున్నాం. సోమవారం మిషను మీద ఉండగా బీపీ పడిపోయింది. అక్కడి నుంచి పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్ళారు. గుండె బలహీనపడిందని, ఇది కొన్నాళ్ళుగా జరుగుతున్నదేనని డాక్టరు చెప్పాడు. ఎయిర్‌పోర్టుకి తిప్పడం వల్లనా అని అడిగాను. కాదమ్మా అన్నాడు. నేను ఇంకోసారి అడిగాను. ఇంకోసారి కాదన్నాడు.

బుధవారం కాస్త తేరుకుంది. నేను పక్కన ఉన్నప్పుడు ముక్కు దగ్గర గొట్టం పక్కకి జరుపుకుని, "నా టికెట్టు ఇంకోలకు ఇయ్యొస్తదా?" అని అడిగింది.

"రాదు వదినా. నువ్వే రావాలి. ఇంకా పది రోజులుంది."

"మీ అమ్మను తోల్కపోరాదు?"

"అమ్మకి మోకాళ్ళు నొప్పులు. నువ్వే వస్తావు."

"ఊఁ," అంది. నన్ను నమ్మినట్టు కాదు, పోనీలే అన్నట్టు.

గురువారం మధ్యాహ్నం నేను కింద మందుల షాపు దగ్గర వరుసలో నిలబడి ఉన్నాను. పైకి వచ్చేసరికి మా ఆయన వరండాలో గోడకి ఆనుకుని ఉన్నారు. నన్ను చూసి తల అడ్డంగా ఊపారు. చేతిలో మందుల సంచి ఎక్కడ పెట్టాలో తెలియలేదు. అలాగే పట్టుకుని లోపలికి వెళ్ళాను.

టికెట్లు రద్దు చేయడానికి ఫోన్ చేసింది నేనే. అవతల అమ్మాయి చాలా మర్యాదగా మాట్లాడింది. వీల్‌చైరు అడిగిన ప్రయాణికురాలికి మాత్రమే రద్దు చేయాలా, అందరికీనా అంది. అందరికీ అన్నాను. వేరే తారీఖుకి మార్చుకుంటారా అని అడిగింది. లేదన్నాను. ఆ ఆదివారం, తోటలో ఉండాల్సిన రోజు, మా ఆయన సెలవు రద్దు చేయించుకుని డ్యూటీకి వెళ్ళారు. మా అమ్మాయి తన గదిలో ఫోన్‌లో ఆ తోటే చూస్తోంది. నన్ను చూసి చప్పున ఆపేసింది. పెట్టమన్నాను. ఇద్దరం చూశాం. ఆ ఏడు బాగా పూశాయి.

తర్వాత మా ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. మా ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అంటారని రోజూ ఎదురుచూశాను. నువ్వు సంతకం పెట్టి ఉంటే అక్క ఉండేది. ఆ వాక్యం ఆయన గొంతులోనే నాకు వినబడేది. ఆయన షేవింగ్ చేసుకుంటున్నప్పుడు, చెప్పులు వేసుకుంటున్నప్పుడు, ఇప్పుడంటారు అనుకునేదాన్ని. అనకపోతే ఇంకా బరువుగా ఉండేది. వదిన నాతో చేనులో అన్నమాటలు చెప్పేద్దామా అనుకున్నాను. చెబితే నన్ను నేను కాపాడుకుంటున్నట్టు ఉంటుందని మానేశాను.

శ్రావణంలో ఒక ఆదివారం మధ్యాహ్నం అత్తాపూర్‌లో మా అమ్మ వాళ్ళింటికి వెళ్తున్నాం, ఇద్దరమే. ఎక్స్‌ప్రెస్‌వే స్తంభాల పక్కన ట్రాఫిక్ ఆగిపోయింది. సన్నగా వాన. అక్కడి నుంచి చూస్తే డయాలసిస్ సెంటర్ బోర్డు కనబడుతుంది. ఇద్దరం చూశాం. ఇక ఆగలేకపోయాను.

"అనేయండి. నేను వద్దనకపోతే ఉండేది కదా. అనేయండి ఒకసారి," అన్నాను.

ఆయన స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టి ముందుకే చూస్తున్నారు.

"ఏమనాలె నిన్ను?" అన్నారు చివరికి. "నీకొక మాట చెప్పలే నేను. పరీక్షలన్ని అయి, కలిసినయి అన్నప్పుడు నాకు భయమైంది. మా నాయిన గుర్తొచ్చిండు. నువ్వు వద్దన్నవు చూడు, ఆ రోజు డ్యూటీకి పోయి బండి ఆపుకుని కూసున్న. పానం హాయిగ అనిపించింది. అక్కకు ఇయ్యకుండ తప్పిచ్చుకున్న అని హాయిగ అనిపించింది నాకు." వైపర్ ఆపి మళ్ళీ వేశారు. "నీ మీద వెట్టి తప్పిచ్చుకున్న. నిన్నేమనాలె నేను?"

నాకు ముందు వచ్చింది కోపమే. ఏడాదిగా ఒక్కదాన్నే మోశాను. ఆ మాట ఆయన ఒక్కరోజు ముందు చెప్పి ఉంటే, బట్టలు మడత పెడుతున్న ఆ సాయంత్రమే చెప్పి ఉంటే అనుకున్నాను. కారు తలుపు తీసుకుని దిగిపోదామనిపించింది. చేయి తలుపు మీదకి వెళ్ళింది కూడా. అప్పుడు ఆయన వైపు చూశాను. నలభై అయిదేళ్ళ మనిషి, ఆరో తరగతి పిల్లాడిలా ముక్కు మోచేతికి తుడుచుకుంటున్నారు. తలుపు మీంచి చేయి తీసేశాను. చేనులో వదిన అన్నవన్నీ, ఒక్క మాట వదలకుండా, కోపం వచ్చిన సంగతితో సహా చెప్పాను.

"ఎరుకేనా అక్కకు?" అన్నారు. అదొక్కటే మూడుసార్లు అడిగారు. మూడుసార్లూ అవునన్నాను. వెనక బండ్లు హారన్లు కొడుతుంటే కారు కదిలించారు.

మేం ఒకరినొకరు క్షమించుకున్నామో లేదో నాకు తెలియదు. ఆ మాట మా ఇద్దరి మధ్యా రాలేదు. మళ్ళీ వసంతం వచ్చి వెళ్ళింది, మేం ఎక్కడికీ వెళ్ళలేదు. కానీ ఆయన మాత్రం అక్క గురించి మాట్లాడుతున్నారు. రోజూ కాదు, ఉన్నట్టుండి, ఏ పప్పు తింటున్నప్పుడో. మొన్న చెప్పారు. చిన్నప్పుడు ఆయనకి సైకిలు నేర్పేవాళ్ళు లేరని, వదిన ముందు తను నేర్చుకుందామని ఊరి వెనక దారిలో చీర ఎగ్గట్టి ఎక్కిందట. నేరుగా కంచెలోకి వెళ్ళి పడి ముందుపన్ను సగం విరగ్గొట్టుకుందట. ఇంటికొచ్చి ఎవరికీ చెప్పొద్దని తమ్ముడి చేత ఒట్టు పెట్టించుకుందట.

ఆ సగం పన్నుని పదిహేడేళ్ళు చూశాను నేను. నవ్వినప్పుడల్లా కనబడేది. ఏమైందని ఒక్కసారి కూడా అడగలేదు.